తోడు వెదుక్కునే దారి

మన ఇళ్ళలో పెళ్ళీడు వచ్చిన బిడ్డకు సంబంధం వెదకడమంటే బంధువర్గమంతా పూనుకొనే పని. మేనత్త ఒక మాట చెబుతుంది. పేరయ్య జాతకాలు పట్టుకొని వస్తాడు. పత్రికలో ప్రకటన పడుతుంది. అయితే తన మనస్సు పురుషుని వైపే మొగ్గినదని తెలుసుకొన్న యువకునికి, స్త్రీనే కోరుకొన్న యువతికి, ఈ సన్నాహమంతా భయకారణమవుతుంది. వారి కోసం వెదికే వారెవ్వరూ లేరు. వారే వెదుక్కోవాలి, వెదుకుతున్నట్లు ఎవరికీ తెలియరాదు. ఇటువంటివారు నేడు ఒకరినొకరు ఏ విధంగా కనుగొంటున్నారో, ఆ దారిలో వారికి ఏమేమి ఎదురవుతున్నవో శ్రోతలకు మనవి చేయదలచినాము.

ఈ వెదుకులాట సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. లండనులో ఆల్ఫ్రెడ్ బారెట్ అనే ఆయన 1915లో ‘ది లింక్’ అనే చిన్న పత్రిక పెట్టి, ఒంటరివారి స్నేహప్రకటనలు అచ్చువేసినాడు. అందులో కొందరు పురుషులు చాటుమాటలతో తమవంటివారిని పిలుచుకొన్నారు. 1921లో బారెట్‌కు రెండు సంవత్సరాల కఠినశిక్ష పడినది. అమెరికాలో ‘వన్’ అనే పత్రిక సంచికను 1954లో తపాలాశాఖ పంపిణీ చేయ నిరాకరించగా, 1958లో సుప్రీంకోర్టు పత్రిక పక్షాన తీర్పు చెప్పినది. మన దేశంలో అశోక్ రావ్ కవి 1990లో బొంబాయి నుండి ‘బాంబే దోస్త్’ను ప్రారంభించినారు. కలంస్నేహం కోరేవారికి అందులో చోటుండేది. ఉత్తరం వచ్చినా చిక్కే. ఎవరి పేర వచ్చిన కవరునైనా చించి చదివే హక్కు మన ఇళ్ళలో అందరిదీ కదా!

చేతిలో ఇమిడే ఫోను ఈ ఇబ్బందిని తీర్చినది. 2009లో లాస్ ఏంజెలిస్‌లో జోయెల్ సిమ్‌ఖాయ్ ‘గ్రైండర్’ అనే యాప్‌ను వెలువరించినాడు. ఫోను తాను ఎక్కడ ఉన్నదో ఉపగ్రహాల సాయంతో తెలుసుకొంటుంది. ఆ యాప్ తనలో చేరినవారిని దూరాన్నిబట్టి వరుసగా, చిన్న చిన్న గళ్ళలో చూపుతుంది: ఒకరు రెండు కిలోమీటర్లలో, మరొకరు నాలుగు వందల మీటర్లలో. తనవంటివాడు లోకంలో తానొక్కడే అనుకొన్న యువకునికి, పక్కవీధిలోనే మరొకడున్నాడని తెలియడం ఎంతటి ఊరటో ఊహించవచ్చును.

ఆ ఊరటలోనే అపాయమున్నది. ఒకచోట నిలిచి చూస్తే నాలుగు వందల మీటర్లన్నది. అంతదూరంలో చుట్టూ ఒక వలయం గీయండి. మరి రెండు తావుల నుండి కొలిచి ఇంకా రెండు వలయాలు గీస్తే, మూడూ కలిసే చోటే ఆ మనిషి ఇల్లు. నిజంగా తిరగనక్కరలేదు, ఫోనుకు అబద్ధపు చిరునామా చెప్పితే చాలును. ఈ లోపం 2014లో బయటపడిన పిమ్మట, కొన్ని దేశాలలో దూరం చూపడాన్ని ఆ సంస్థ నిలిపివేసినది. వాటిలో ఈజిప్టు ఒకటి. అక్కడ పోలీసులే బూటకపు పేర్లతో ఇటువంటి యాప్‌లలో చేరి, మాటలలో దింపి, వచ్చినవారిని నిర్బంధించిన ఉదంతాలున్నవి.

మన దేశంలో ఈ గళ్ళను తెరచి చూస్తే ముఖాలు తక్కువ. మెడకు దిగువ నుండి తీసిన ఛాయాచిత్రం, సూర్యాస్తమయం, గులాబిపువ్వు, కొన్నిచోట్ల ఏమీలేని నల్లని గడి. పేరు దాచినా మనిషి తనను గూర్చి ఏదో ఒకటి వ్రాసుకోవాలి గదా. అక్కడ భాష చిక్కు వస్తున్నది. ‘క్వియర్’ అన్నది ఆంగ్లంలో ఒకనాటి తిట్టు. 1990 ప్రాంతంలో అమెరికాలో ఆ తిట్టు తిన్నవారే దానిని తమ పేరుగా తీసుకొన్నారు. మన పత్రికలు వాడే ‘స్వలింగ సంపర్కం’ అనే మాట మాకు రుచించదు. భార్యాభర్తల అనుబంధాన్ని ఎవరైనా ‘సంపర్కం’ అంటారా? స్వలింగ ప్రేమ అనడానికి అడ్డేమున్నది? ఇక ఆంగ్లం రానివారిలో ‘కోతీ’, ‘పంతీ’ వంటి మాటలున్నవి. నగరాలలో చదువుకొన్న యువకులు కొందరు ఆ మాటలు వాడేవారిని, నడకలో మెత్తదనం ఉన్నవారిని దూరం పెడుతున్నారు. ‘ఆడంగులు వద్దు’ అని బాహాటంగా వ్రాసేవారున్నారు. వెలివేతకు గురైనవారు తామే వెలివేయడం మాకు కష్టంగా తోచినది.

స్త్రీల సంగతి వేరు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారం, తాము స్వయంగా వాడుకొనే సెల్‌ఫోను ఉన్న స్త్రీలు మన దేశంలో 54 శాతమే. ఉన్న ఫోనునైనా అన్నదమ్ములు, అత్తవారు అడిగి తీసుకొని చూస్తూ ఉంటే, అందులో ఏ రహస్యం నిలుస్తుంది?

అన్నిటికంటె ఘోరం బెదిరింపు. అనేక నగరాలలో నమోదైన కేసుల కథ దాదాపు ఒకటే. కొన్నాళ్ళు తీయని మాటలు, ఆ పిమ్మట ఒక గదికి పిలుపు. తలుపు మూయగానే మరి ముగ్గురు ప్రవేశిస్తారు. కొట్టి, వీడియో తీసి, ఫోనులోనే డబ్బు బదిలీ చేయించుకొంటారు. పూర్వం వారి ఆయుధం శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్. 1860 నాటి ఆ చట్టం యావజ్జీవ శిక్ష వరకు అనుమతించినది. 2009లో ఢిల్లీ హైకోర్టు దాని పట్టు సడలించినది. 2013లో సుప్రీంకోర్టు తిరిగి బిగించినది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, ఇష్టపడిన పెద్దల మధ్య ప్రేమ నేరం కాదన్నారు. వివాహపు హక్కు మాత్రం లభించలేదు. హైదరాబాదు నివాసి సుప్రియో చక్రవర్తి మొదటి అర్జీదారుగా సాగిన ఆ వ్యాజ్యాన్ని 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు నిరాకరించినది.

నేరం కానప్పుడు బెదిరింపు ఆగవలసినది. ఆగలేదు. ‘పోలీసులకు చెబుతాము’ అన్నవారే ఇప్పుడు ‘మీ నాన్నకు పంపుతాము’ అంటున్నారు. మొదటి మాటకు కోర్టు జవాబు చెప్పినది. రెండవదానికి జవాబు చెప్పవలసినవారు నాన్నగారే. బలవంతపు వసూలు శిక్షార్హమైన నేరం; ఫోను ద్వారా పోయిన సొమ్ముకు 1930 నెంబరుకు ఫిర్యాదు చేయవచ్చును. చేసేవారు అరుదు. పోలీసు జవాను వాకిట నిలిస్తే ఇంట్లో ఏమని చెప్పాలన్నదే వారి బెంగ.

ఇక జాగ్రత్తల మాట. మొదటిసారి నలుగురు మసలే చోటనే కలవండి, ఎక్కడకు వెళ్తున్నదీ నమ్మకమైన ఒకరికి చెప్పి వెళ్ళండి అని తెలిసినవారు సలహా ఇస్తున్నారు. మంచి సలహాయే. సాయంకాలం చెప్పులు తొడుక్కొంటూ కుర్రవాడు ‘వెళ్ళొస్తానమ్మా’ అంటాడు. ‘ఎక్కడికిరా?’ అని వంటింట్లో నుండి తల్లి అడుగుతుంది. ‘ఇక్కడికే’ అని గుమ్మం దాటుతాడు.