బతుకమ్మ పూలతో ఒక పాఠం

టీచర్లూ, మొక్కల పునరుత్పత్తి పాఠానికి మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో బతుకమ్మ రోజులను మించిన అదను లేదు.

గుమ్మడితో మొదలుపెట్టండి. ఒకే తీగకు మగపూలు, ఆడపూలు వేర్వేరుగా పూస్తాయి. మగపువ్వు కింద సన్నటి కాడే ఉంటుంది. ఆడపువ్వు కింద బుల్లి కాయలాంటి ఉబ్బు కనిపిస్తుంది, అదే అండాశయం. తేనెటీగ పుప్పొడిని కీలాగ్రానికి చేరిస్తే లోపలి అండాలు విత్తనాలవుతాయి, అండాశయం గుమ్మడికాయవుతుంది. పుప్పొడి అందకపోతే పిందె పసుపుబారి రాలిపోతుంది. పొద్దున్నే పిల్లలకు చూపించాలి సుమా, ఎండెక్కితే పువ్వు ముడుచుకుంటుంది. బతుకమ్మకు మగపూలే కోయమనండి, అవీ కొన్ని తీగకు మిగిల్చి!

మన రాష్ట్ర పుష్పం తంగేడులో కేసరాలు, అండకోశం ఒకే పువ్వులో ఉంటాయి. పుప్పొడి సంచులకు కొసన చిన్న రంధ్రాలే. తుమ్మెద వాలి ఝుమ్మని అదిలిస్తేనే పుప్పొడి రాలుతుంది.

గునుగు కంకి ఒక్క పువ్వు కాదు, ఎన్నో చిట్టిపూల గుత్తి. భూతద్దంతో చూపించండి.

ఇక ఆదిలాబాద్ పత్తిచేలు. లేత రంగులో విచ్చిన పువ్వు మర్నాటికి గులాబీ రంగుకు తిరుగుతుంది. దూదిని పువ్వనుకునే పిల్లలున్నారు. అది గింజ పైపొర మీద పెరిగిన నూగు. నమ్మకపోతే చేలో ఏరిన పత్తి నుంచి గింజను వాళ్లనే ఒలిచి చూడమనండి.