దరఖాస్తు దగ్గరే ఓడిపోవద్దు

(ముస్లిం యువతీ యువకుల కోసం ఏర్పాటైన ఉపాధ్యాయ ఉద్యోగాల అవగాహన సదస్సులో విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



దైవప్రవక్త ముహమ్మద్ (స)కు అందిన తొలి వహీ చదువమనే ఆదేశంతోనే ఆరంభమైందని మన సభల్లో తరచుగా చెప్పుకుంటాం. చదువమన్న ఆదేశాన్ని అందుకున్న సమాజానికి చదువు చెప్పేవారు కూడా కావాలి. మన పేటలోని బడిలో మన బిడ్డ ఒకతె ఉపాధ్యాయురాలిగా నిలబడితే, ఆమెను చూసి పది ఇళ్ల ఆడపిల్లలు బడి మానకుండా ఉంటారు. అందువల్ల ఈ ఉద్యోగాన్ని ఒక ఇంటి జీతంగా మాత్రమే చూడవద్దని ముందుగా మనవి చేస్తున్నాను.

ప్రభుత్వ ఉద్యోగాల్లో ముస్లింల వాటా ఎంత తక్కువగా ఉన్నదో 2006లో సచార్ కమిటీ నివేదిక దేశానికి వివరించింది. దానికి కారణాలు అనేకం. వివక్ష ఉంది, పేదరికం ఉంది. వాటి గురించి ఈ పత్రికలోనూ, వేదికల మీదా మాట్లాడుతూనే ఉన్నాం. ఈ రోజు నేను చెప్పదలచింది మన చేతిలో ఉన్న ఒక కారణం గురించి. మన పిల్లల్లో చాలామంది పరీక్ష గదికి చేరకముందే, దరఖాస్తు నింపే దగ్గరే ఉద్యోగాన్ని పోగొట్టుకుంటున్నారు.

నా వద్ద చదువుకున్న ఒక అమ్మాయి సంగతి చెబుతాను. తండ్రి ఆటో నడుపుతాడు. ఇంటి పేరు షేక్. ఆమె టెట్‌లో 150కి 84 మార్కులు తెచ్చుకుంది. బీసీ అభ్యర్థికి 75 వస్తే చాలు. అయినా ఆమె అర్హత పొందలేదు. కుల ధ్రువపత్రం చేతిలో లేదని దరఖాస్తులో ఓసీ అని నింపారు. ఓసీకి 90 రావాలి. ఫలితాలు వచ్చాక సరిదిద్దమని తండ్రీ కూతుళ్లు తిరగని చోటు లేదు. ఈలోగా డీఎస్సీ గడువు దాటిపోయింది. "సార్, ఆ కాగితం కోసం ఒక్క రోజు ఆటో ఆపి ఉంటే సరిపోయేది" అని ఆ తండ్రి నాతో అన్న మాట ఈనాటికీ నా చెవుల్లోనే ఉంది.

కనుక మొదటి విషయం ధ్రువపత్రం. 2007 చట్టం ప్రకారం ముస్లింలలో సామాజికంగా వెనుకబడిన 14 వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ లభించింది. 2010లో హైకోర్టు దానిని కొట్టివేయగా, అదే ఏడాది సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుల వల్ల అది అమలులో కొనసాగుతున్నది. షేక్‌లు ఈ జాబితాలో ఉన్నారు. సయ్యద్, మొఘల్, పఠాన్ కుటుంబాలు లేవు. దూదేకుల సోదరులు బీసీ-బిలోనూ, మెహతర్లు బీసీ-ఏలోనూ ఉన్నారు. ముస్లింలు అందరూ బీసీ-ఈయే అనుకుని దరఖాస్తు చేసినవారు పరిశీలన రోజున ఇబ్బంది పడుతున్నారు. ఏ బీసీ జాబితాలోనూ లేని సయ్యద్, పఠాన్ కుటుంబాలలోని పేదలు నిరాశ పడవలసిన పని లేదు. 2019 నాటి 103వ రాజ్యాంగ సవరణతో వచ్చిన ఈడబ్ల్యూఎస్ 10 శాతం కోటా మతంతో నిమిత్తం లేకుండా వారికీ వర్తిస్తుంది. నోటిఫికేషన్ వచ్చాక తహసీల్దారు కార్యాలయానికి పరుగెత్తేకంటే ఇప్పుడే వెళ్లడం మంచిది.

రెండవది పేరు. పదవ తరగతి మెమోలో షేక్ ఒక విధంగా, ఆధార్‌లో మరొక విధంగా ఆంగ్ల అక్షరాల్లో ఉంటుంది. ముహమ్మద్ అన్న పేరు ఒక చోట పూర్తిగా, ఇంకొక చోట రెండే అక్షరాలుగా ఉంటుంది. ఆడపిల్లకు ఒక కాగితంలో బేగం చేరుతుంది, ఇంకొక దానిలో ఉండదు. దరఖాస్తులో పదవ తరగతి మెమోలో ఉన్న పేరునే, అక్షరం మారకుండా రాయండి. తక్కిన కాగితాలను దానికి అనుగుణంగా సరిచేయించుకోండి.

మూడవది స్థానికత. తెలంగాణలో 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కువ కాలం ఏ జిల్లాలో చదివారో దానిని బట్టి స్థానికతను నిర్ణయిస్తారు. 95 శాతం ఉద్యోగాలు స్థానికులకే. మన పిల్లల్లో కొందరు ఆ వయసులో రెండు మూడేళ్లు హిఫ్జ్ కోసం మదరసాలో ఉంటారు. గుర్తింపు పొందిన బడిలో చదవని ఆ సంవత్సరాలకు బోనఫైడ్ దొరకదు. వాటికి నివాస ధ్రువపత్రం తీసుకోవాలి. ఖుర్ఆన్‌ను హృదయంలో నిలుపుకొన్న బిడ్డ సొంత జిల్లాలోనే స్థానికేతరుడిగా మిగిలిపోకూడదు.

నాలుగవది ఏ చదువుకు ఏ ఉద్యోగం అన్నది. తెలంగాణలో 2024 డీఎస్సీలో ప్రకటించిన 11,062 పోస్టుల్లో 6,508 ఎస్‌జీటీలే. వాటికి డీఈఎల్ఈడీ కావాలి. బీఈడీ చేసినవారు ప్రాథమిక తరగతుల బోధనకు అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా మన ఇళ్లలో ఇప్పటికీ బీఈడీనే పెద్ద చదువుగా భావించి అమ్మాయిలను అందులో చేర్పిస్తున్నారు. ఇంటర్మీడియట్ పూర్తి కాగానే డీఈఎల్ఈడీ గురించి ఆలోచించండి. టెట్ గట్టెక్కితే చాలునన్న భావన కూడా సరికాదు. తుది ఎంపికలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది. 90 మార్కులకు 12 వస్తే, 120 మార్కులకు 16 వస్తాయి. ఒక్క మార్కు లోపల పదుల మంది ఉండే పోటీలో ఆ నాలుగు మార్కుల విలువ ఎంతో మీరే ఊహించండి. ఒకసారి అర్హత పొందినవారు కూడా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయవచ్చు.

ఇక ఉర్దూ మాధ్యమ పోస్టుల విషయానికి వస్తాను. ఇక్కడ తప్పు అభ్యర్థులది కాదు, విధానానిది. రోస్టర్ ప్రకారం ఎస్సీ, ఎస్టీ వర్గాలకు కేటాయించిన ఉర్దూ పోస్టులకు ఆ భాష చదివిన అభ్యర్థులు దొరకక అవి ఖాళీగా మిగిలిపోతున్నాయి. తరువాతి నోటిఫికేషన్‌లోనూ అవే ఖాళీలు కనిపిస్తాయి. ఒకవైపు అర్హులైన ఉర్దూ అభ్యర్థులు ఇంటి దగ్గర ఉంటారు, మరొకవైపు ఉర్దూ బడిలో ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులను చూస్తుంటాడు. నష్టపోయేది పిల్లలు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతున్నది. ఈ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. దళిత, గిరిజన సోదరుల వాటాను మనం కోరడం లేదు. అన్ని ప్రయత్నాల తరువాత కూడా భర్తీ కాని పోస్టులను ఉర్దూ అభ్యర్థులకు ఇచ్చి, అంతే సంఖ్యలో తెలుగు మాధ్యమంలో ఎస్సీ, ఎస్టీలకు పోస్టులు కేటాయించాలని అడుగుదాం. వారి సంఘాలతో కూర్చుని, వారితో కలిసి అడుగుదాం. అప్పుడే ఆ కోరికకు న్యాయమూ, బలమూ ఉంటాయి.

చివరిగా మసీదు కమిటీలకు ఒక విన్నపం. నోటిఫికేషన్ వెలువడిన తరువాత వచ్చే శుక్రవారం జుమా నమాజు కాగానే ఆ వివరాలు చదివి వినిపించండి. మహల్లాలో కంప్యూటర్ తెలిసిన ఇద్దరు యువకులను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టండి. మహిళలు నిస్సంకోచంగా రాగలిగేలా ఒక సోదరిని కూడా కూర్చోబెట్టండి. దరఖాస్తును పంపే ముందు వేరొకరు ఒకసారి చదివి చూసే ఏర్పాటు చేయండి. ఇఫ్తార్ విందులకు మనం పెట్టే ఖర్చులో వెయ్యో వంతు కూడా దీనికి కాదు.

హక్కు కోసం వీధిలో నినదించడం అవసరమే. వచ్చిన హక్కును గడువు లోపల కాగితం మీద సరిగ్గా రాసుకోవడం కూడా అంతే అవసరం. నా శిష్యురాలు ఆ తరువాత బీసీ-ఈ ధ్రువపత్రంతో మళ్లీ టెట్ రాసి అర్హత సాధించింది. ఇప్పుడు డీఎస్సీకి చదువుతున్నది. ఆమె తండ్రి ఈ సభలోనే వెనుక వరుసలో ఉన్నారు. ఆయన పడిన బాధ మరొక తండ్రి పడకుండా చూడవలసిన బాధ్యత మనందరిదీ.

అల్లాహ్ మన బిడ్డల శ్రమను స్వీకరించి, వారిని పదిమందికి విద్య నేర్పేవారిగా తీర్చిదిద్దుగాక. ఆమీన్.