పాకానికి తొందర పనికిరాదు

(ధన్వంతరి జయంతి నాడు ఆలయ ప్రవచన మండపంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాకరణం, కొంత ఆయుర్వేదం చదువుకొన్నవాడికి వ్యాపారం గురించి మాట్లాడే పని ఏమిటని మీకు తోచవచ్చు. ఈ క్షేత్రానికి వచ్చే యాత్రికులలోను, ట్రస్టుకు విరాళాలిచ్చే దాతలలోను, ఇంట తలనూనె కాచి అమ్మేవారు, సున్నిపిండి విసిరి అమ్మేవారు, లేహ్యాలు చేసేవారు, యోగాభ్యాసం నేర్పి జీవించేవారు ఎందరో ఉన్నారు. ఈ నాలుగైదేళ్లుగా వారు నన్ను అడిగే మాట ఒక్కటే. "శాస్త్రిగారూ, మా వీడియో ఒక్కటి వైరల్ అయితే చాలు, నిలదొక్కుకొంటాం. మీరేమంటారు?" ఆశీర్వచనం కోరి అడిగే ప్రశ్న ఇది. ఆశీర్వదించే ముందు నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది.

పేరు కోసం పరుగెత్తడం ఫోనుతో పుట్టినది కాదు. చరక సంహిత సూత్రస్థానం 29వ అధ్యాయంలో వైద్యులను రెండు తెగలుగా చెప్పారు. రోగాన్ని పోగొట్టి ప్రాణాన్ని నిలిపేవారు ఒక తెగ; ప్రాణాన్ని పోగొట్టి రోగాన్ని నిలిపేవారు రెండవ తెగ. ఈ రెండవ తెగవారి వర్ణన చదివితే నవ్వు వస్తుంది, ఆపైన భయమూ వేస్తుంది. వైద్యవేషం వేసుకొని వీథి వీథి తిరుగుతారట. ఎవరికో జబ్బు చేసిందని వినగానే వచ్చి వాలుతారట. రోగి చెవిన పడేటట్లు తమ గొప్పలు బిగ్గరగా చెప్పుకొని, అంతవరకు చూస్తున్న వైద్యునిలో తప్పులు మళ్లీ మళ్లీ ఎంచుతారట. నేడు వీథి అరచేతిలోకి వచ్చింది, అంతే భేదం.

అయితే ప్రచారమే పాపమని నేననను. అలా అంటే మన తెలుగువారిలో మహనీయులైన కొందరిని తప్పుపట్టినట్లవుతుంది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం ఆరంభించారు. ఆ మందు పేరు ఎవరికీ తెలియని రోజులలో ఆయన సంగీత కచేరీలకు వెళ్లి శ్రోతలకు దానిని ఉచితంగా పంచిపెట్టించారు. గమనించండి. పొగడ్త ముందు పంచలేదు, మందు పంచారు. తలనొప్పితో కచేరీకి వచ్చినవాడు అక్కడే నుదుట రాసుకొని, గుణం కనబడితే మరునాడు తానే అంగడికి వెళ్లాడు. నుదురే సాక్ష్యం, నోరు దాని వెంట వచ్చింది. ఆ ఆదాయంతోనే పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా నెలకొల్పి, 1914లో మద్రాసులో దానిని దినపత్రిక చేశారు. 1924లో భారతి మాసపత్రిక పెట్టారు. మందు పుట్టిన 43 సంవత్సరాలకు, 1936లో, అమృతాంజనం లిమిటెడ్ కంపెనీ అయింది. నలభై మూడేళ్లు! నేడు నలభై మూడు రోజులు ఓపిక పట్టేవాడు కనిపిస్తే దండం పెడతాను.

అలాగే ఒంగోలు ప్రాంతంలోని ఇనమనమెళ్లూరు నుండి చిన్ననాడే మద్రాసు చేరిన కె.ఎన్. కేసరిగారు. పేదరికంలో నుండి వచ్చి, కేసరి కుటీరం స్థాపించి, స్త్రీల కోసం లోధ్ర అనే ఔషధం చేశారు. 1928లో గృహలక్ష్మి పత్రిక నడపడానికి, పాఠశాల పెట్టడానికి ఆ కుటీరమే ఆధారమైనది. వీరిద్దరూ ప్రకటనలు వేసుకొన్నవారే. కాని ప్రకటన చూసి అడిగినవారికి ఇవ్వడానికి సరుకు వారి చేతిలో ఉన్నది.

అసలు విషయం ఇక్కడ ఉన్నది. చరకుడే సూత్రస్థానం 9వ అధ్యాయంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పాడు: వైద్యుడు, ద్రవ్యం, పరిచారకుడు, రోగి. ద్రవ్యానికి, అంటే ఔషధానికి, నాలుగు గుణాలుండాలన్నాడు. వాటిలో మొదట చెప్పినది బహుత, కావలసినంత లభించడం. తరువాత రోగానికి తగినదై ఉండడం, అనేక విధాలుగా తయారు చేయడానికి అనువు, సారసంపద. బహుతను ఎందుకు చేర్చాడో చిన్నతనంలో నాకు బోధపడలేదు. ఎంత గొప్ప మందైనా అడిగినవారికి అందించలేకపోతే అది ఔషధగుణంలోనే లోపమన్నమాట.

తైలపాకం చూడండి. కల్కం ఒక పాలు, నూనె నాలుగు పాళ్లు, ద్రవం పదహారు పాళ్లు. సన్నని మంట మీద ఆ ద్రవమంతా ఇగిరిపోవాలి. కల్కాన్ని తీసి వేళ్ల నడుమ నలిపితే వత్తి కావాలి. ఆ వత్తి నిప్పులో వేస్తే చిటపటమనకూడదు. నూనె అయితే నురుగు పుట్టడం పాకం కుదిరినదానికి గుర్తు, నెయ్యి అయితే నురుగు అణగడం గుర్తు. శార్ఙ్గధరుడు ఇంకొక మాట అన్నాడు: నేయి, నూనె, బెల్లపు పాకాలను ఒక్కరోజులో దింపరాదు, రాత్రి నిలిస్తే గుణం పెరుగుతుంది. రేపు ఉదయానికి పదివేల సీసాలు కావాలని కోరితే ఈ పాకం వినదు. పొయ్యి దగ్గర నిలబడ్డవారికి ఈ సంగతి తెలుసు. ఫోను దగ్గర నిలబడ్డవారికి తెలియదు.

నా పూర్వ విద్యార్థి ఒకరి కోడలు గుంటగలగరాకు రసంతో నువ్వులనూనె కాచి అమ్ముతుంది. లైసెన్సు తీసుకొన్నది. నెలకు నలభై లీటర్లు, నూరు మిల్లీలీటర్ల సీసాలు నాలుగు వందలు. ఆకు కాలువగట్ల మీద కోసి తెచ్చేవారు ముగ్గురు స్త్రీలు. ఒకనాడు ఎవరో పిల్లవాడు ఆమె పొయ్యిని వీడియో తీసి పెట్టాడు. తొమ్మిది రోజులలో ఆరువేల సీసాలకు ఆర్డర్లు, ముందుగానే డబ్బు. ఇంట్లో పండుగ. పదవ రోజున నగరం నుండి ఒక దళారి వచ్చాడు. "ఇంత నూనె మీరెప్పటికి కాస్తారమ్మా? డబ్బాలలో తయారు నూనె నేను పంపుతాను, మీ చీటీ అంటించండి" అన్నాడు. భర్త సరేనన్నాడు. అతడు దుర్మార్గుడు కాడు. అప్పు ఉన్నది, అమ్మాయి కాలేజీ ఫీజు ఉన్నది.

ఆమె నాకు ఫోను చేసింది. "గురువుగారూ, వాళ్లు చూసింది నా పొయ్యిని. పంపేది ఇంకొకరి నూనె అయితే ఆ డబ్బు దేనికి ఇచ్చినట్లు?" అన్నది. ప్రశ్నలోనే సమాధానం ఉన్నది కనుక నేను ఎక్కువ చెప్పలేదు. "వచ్చినవారికి ఉన్నమాట రాయమ్మా. మీ వంతు వచ్చేవరకు ఆగగలిగితే ఆగండి, లేకపోతే సొమ్ము తిరిగి పంపుతాను అని రాయి" అన్నాను.

ఏమైనదంటే, చాలామంది సొమ్ము వెనక్కి అడిగారు. మోసగత్తె అని రాసినవారూ ఉన్నారు. ఆ మాట చదివి ఆ పిల్ల రెండు రోజులు అన్నం తినలేదు. సుమారు ఏడు వందలమంది మాత్రం ఆగారు. వారికి వంతులవారీగా ఐదు నెలలు పంపింది. ఇంకొక స్త్రీని ఆకు కోతకు పెట్టింది, రెండవ కళాయి కొన్నది. నేడు నెలకు యాభై ఐదు లీటర్లు. "ఆ రోజు తీసుకొని ఉంటే ఇల్లు కట్టేవాళ్లం" అని భర్త ఇప్పటికీ అంటాడు. అతని లెక్క తప్పని నేననలేను, ఇల్లు వచ్చేదేమో. ఆ ఇంటి గుమ్మం మీద ఎవరి పేరు రాయాలన్నదే నా సందేహం.

పేరు సరుకును మించి పరుగెత్తితే ఊరు ఊరే తల్లడిల్లుతుందని 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో మనమంతా చూశాం. కోవిడ్ భయంలో ఒక మూలికామందు వార్త ఫోన్లలో పాకింది, వేలమంది ఒక్కసారిగా చేరారు, అంబులెన్సులలోనూ వచ్చారు, పంపిణీ ఆపవలసి వచ్చింది. తరువాత ప్రభుత్వం కంటిచుక్కలకు తప్ప మిగిలిన మందుకు అనుమతి ఇచ్చింది. ఆ మందు మంచిచెడ్డల విచారణ నా పని కాదు. మూలికలు కోసే చేతులు ఎన్ని, వచ్చిన తలలు ఎన్ని అన్నదే చూడమంటున్నాను.

చట్టం సంగతి కూడా ఒక్కమాట, ఎందుకంటే వైరల్ కావాలన్న ఆరాటంలో నోరు జారేది ఇక్కడే. మధుమేహం, క్యాన్సర్, మూర్ఛ, స్థూలకాయం వంటివి నయం చేస్తామని మందులకు ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. "మా కషాయంతో షుగర్ మాయం" అన్న వీడియోను లక్షమంది చూస్తే, నేరానికి లక్షమంది సాక్షులు దొరికినట్లే. ఆయుర్వేద ఔషధం తయారుచేసి అమ్మడానికి లైసెన్సు కావాలి. కొనేవారు సీసా మీద లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, తయారీ తేదీ చూడండి. ఎంతమంది చూశారన్న అంకె చూడకండి.

ఇక దాతలకు ఒక మనవి. మీలో కొందరు ఇలాంటి చిన్న వ్యాపారాలకు పెట్టుబడి ఇస్తారు, అది మంచి పనే. వచ్చినవారు ఫోను తీసి వీక్షణల సంఖ్య చూపిస్తారు. ఆదరంగా చూడండి. ఆపైన అడగండి: నిరుడు మొదటిసారి కొన్నవారిలో రెండవసారి కొన్నవారెందరు? నెలకు ఎంత కాచగలరు, దానికి ఆకు ఎక్కడిది, కోసేది ఎవరు, వారికి కూలి ఎంత? ఈ ఐదింటికి తడుముకోకుండా జవాబు చెప్పినవారికి, వీక్షకులు రెండు వందలమందే అయినా, చెక్కు రాయవచ్చు.