నిబంధన పలుకనిచోట

సామాన్యులు తమ షెడ్లలోనే పాత ‘ఆస్టిన్ సెవెన్’ కార్లను సవరించుకొని పందెములలో పాల్గొనుటకై ఇంగ్లండులోని 750 మోటార్ క్లబ్బువారు కొన్ని నియమములు ఏర్పరచినారు. ఖర్చు తక్కువగా ఉండవలెననియే వారి ఆశయము.

ఆ ఇంజనులో సిలిండర్లు నాలుగు; పెట్రోలు కలిసిన గాలి లోనికి పోయే ద్వారములు మాత్రము రెండే. ఒకే ద్వారమును పంచుకొన్న జంట సిలిండర్లలో ఒకదాని పాలు మరొకటి కాజేసేది. 1951లో కాలిన్ చాప్‌మన్ తన లోటస్ కారులో ఆ ద్వారములకు నడుమ అడ్డురేకులు అమర్చి, నాలుగింటికీ వేర్వేరు దారులు కల్పించినాడు. ఇంజను పాతదే, అట్లు చేయరాదన్న వాక్యము నియమావళిలో లేదు. ప్రత్యర్థులు అతనిని అందుకొనలేకపోయినారు. తరువాత క్లబ్బువారు ఆ ఉపాయమును నిషేధించినారు.

మేము మొదట చాప్‌మన్ పక్షమే వహించినాము. వ్రాయని నియమమును ఎవరు మాత్రము పాటించగలరు? కాని నలుగురూ ఆ పనికి పూనుకొన్నచో చవక పందెము చవకగా మిగులునా? అందువలన క్లబ్బువారిని తప్పుపట్టలేకున్నాము.

అమెరికాలోని స్పోర్ట్స్ కార్ క్లబ్బువారు వీధికార్ల తరగతులలో దీనికి తలక్రిందైన సూత్రము పెట్టినారు: అనుమతించినట్లు వ్రాసియుండని మార్పు నిషిద్ధమే. అక్కడైతే ఆ రేకు తనిఖీలోనే ఆగిపోవును. తగవులు తగ్గవచ్చును గాని, షెడ్డులో రాత్రులు మేలుకొనే కుర్రవానికి ఏమి మిగులునో మాకు తోచకున్నది.