పౌరుష గ్రంథియు, సాయంకాలపు సీసాయు
(సంఘపు ఆదివార సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మేము మాటాడనెంచిన విషయమును స్త్రీలు కూర్చున్న సభలో ప్రస్తావించుటకు మన పెద్దలు సంకోచింతురు. అందుచేతనే ఇది ఇంటిలో వినబడక, ఆసుపత్రి మంచముపై బయటపడుచున్నది. కావున స్త్రీలు ఉండగనే చెప్పదలచితిమి.

పురుషులకు మూత్రాశయము క్రింద, మూత్రనాళమును చుట్టుకొని, పెద్ద ఉసిరికాయంత గ్రంథి యొకటి కలదు. వైద్యులు దానిని ప్రోస్టేట్ అందురు. తెలుగున పౌరుష గ్రంథి యని పేరు. తరతరములుగా హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో నిలిచిన మన కుటుంబములలో ఈ పేరెరిగినవారు అరుదు. ఇంటిలో తెలుగు, బజారులో తమిళము, మందుల చీటిపై ఇంగ్లీషు. ఈ మూడింటి నడుమ పాపము ఈ అవయవమునకు మన నోట ఏ మాటయు నిలువలేదు. ఆ పేరు పెట్టినవారెవరో కాని, చిక్కంతయు అందులోనే కలదు. బాధ చెప్పుకొననీయక అడ్డుపడునది మగవాని పౌరుషమే కదా!

2022లో ప్రపంచమున సుమారు 14 లక్షల 70 వేల మందికి ఈ గ్రంథి క్యాన్సరు క్రొత్తగా బయటపడినది. సుమారు 4 లక్షల మంది దానితో మరణించిరి. వయస్సు, వంశము దీనికి ముఖ్య హేతువులు. తండ్రికిగాని సోదరునకుగాని వచ్చియున్నచో ప్రమాదము సుమారు రెట్టింపగును. వయస్సును, తండ్రిని మార్చుకొనుట ఎవరికిని సాధ్యము కాదు. మార్చుకొనదగిన వానిలో మద్యపానము కలదా యనునదే నేటి ప్రశ్న.

అతిశయోక్తి మాకిష్టము లేదు. మద్యము క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే నిర్ణయించినది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయము, అటు తరువాత చేరిన పెద్దప్రేగు, స్త్రీల రొమ్ము, వీని విషయమున వారికి సందేహము లేదు. పౌరుష గ్రంథి ఆ పట్టికలో చేరలేదు. ఈ మాట విని వెనుక వరుసలో కొందరు మిత్రులు చిరునవ్వు నవ్వుచున్నారు. వారు కొంచెము ఓపిక పట్టవలెను.

మితముగా త్రాగువారికిని, బొత్తిగా త్రాగనివారికిని ఈ విషయమున భేదము లేదని పూర్వపు పరిశోధనలు కొన్ని చెప్పినవి. 2016లో కెనడా, ఆస్ట్రేలియా పరిశోధకులు కొందరు 27 పరిశోధనలను ముందు పెట్టుకొని లెక్కలు తిరిగి చూచిరి. వానిలో పెక్కింట ఒక పొరపాటు కనబడెను. ముప్పది యేండ్లు త్రాగి, కాలేయము చెడి, వైద్యుడు భయపెట్టగా మానివేసిన వాని నొకని తలచుకొనుడు. నేడతనిని అడిగినచో "త్రాగను" అనును, అది నిజమే. పరిశోధకులు అతనిని పుట్టి మద్యమెరుగని వాని ప్రక్కన కూర్చుండబెట్టిరి. దివాలా తీసిన అంగడి నష్టమును పొదుపరి ఖాతాలో వ్రాసినట్లాయెను! ఇక త్రాగనివారి వరుస రోగిష్ఠిగను, త్రాగువారి వరుస నిగనిగలాడుచును కనబడుటలో వింతయేమి?

ఆ 27 పరిశోధనల మొత్తముమీద, కొద్దిగా త్రాగువారికి 8 శాతము, మిక్కిలిగా త్రాగువారికి 18 శాతము ప్రమాదము అధికముగా తేలినది. అనగా త్రాగనివారిలో నూరుగురికి ఈ వ్యాధి వచ్చుచోట, అంతే సంఖ్యగల త్రాగువారిలో నూట ఎనమండుగురికో, నూట పదునెనమండుగురికో వచ్చును. ఇది చిన్న భేదమే. కాని పైన చెప్పిన పొరపాటు లేని కొద్ది పరిశోధనలలో ఈ సంబంధము మరింత బలముగా కనబడినది.

2009లో ప్రచురితమైన అమెరికా పరిశోధన యొకటి ఇంతకంటె గట్టి మాట చెప్పినది. దినమునకు 50 గ్రాములు, అంతకు మించి శుద్ధ ఆల్కహాలు పుచ్చుకొనువారికి తీవ్రజాతి క్యాన్సరు ప్రమాదము సుమారు రెట్టింపుగా కనబడెను. ఈ గ్రంథి క్యాన్సరును కొంత నివారించు ఫినాస్టెరైడ్ అను మాత్రయు వారియందు పనిచేయలేదు.

ఏబది గ్రాములనగా ఎంత? మన దేశపు విస్కీ, బ్రాందీలలో ఆల్కహాలు నూటికి 42.8 పాళ్లు. అరువది మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 20 గ్రాములుండును. మన ఊళ్లలో ముద్దుగా "క్వార్టరు" అని పిలువబడు 180 మిల్లీలీటర్ల సీసాలో 60 గ్రాములు! "క్వార్టరే కదా" అనుకొనునాతడు అమెరికావారి లెక్కలో మిక్కిలి త్రాగువాడు. బీరు మద్యమే కాదను మిత్రులకు ఒక్కమాట: నూటికి 8 పాళ్ల బీరు పెద్దసీసాలో 40 గ్రాములు దాటును. ఏండ్ల తరబడి దినదినము త్రాగినవారు మాత్రము వైద్యుని అడుగక ఒక్కసారిగా మానరాదు; వణుకు, మూర్ఛలు రావచ్చును.

మా పరిచితులొకరు, డెబ్బది యేండ్లవారు, రాత్రి ఐదారు మారులు మూత్రమునకు లేచెడివారు. నీరు తగ్గించిరి, సాయంకాలపు సీసాను తగ్గింపలేదు. మద్యము మూత్రమును హెచ్చించునని వారికి తెలియదు. ఒకనాటి రాత్రి మూత్రము బొత్తిగా బంధించెను. ఆసుపత్రిలో గొట్టము వేసి తీసిరి. పరీక్షలు చేయగా క్యాన్సరు కాదు, వయస్సుతో వచ్చు గ్రంథి పెరుగుదలయే. అయినను ఏది ఏదియో ఇంట కూర్చుండి తెలిసికొనలేము. క్యాన్సరు తొలిదశలో తరచు ఏ బాధయు ఉండదు. పి.ఎస్.ఎ. అను రక్తపరీక్ష కలదు. అది హెచ్చినంతనే క్యాన్సరనుకొనరాదు, ఇతర కారణములచేతను హెచ్చును. ఏబది దాటినవారు, వంశమున ఈ వ్యాధి కలవారు ఇంకను ముందుగనే, ఆ పరీక్ష తమకు అవసరమా యని వైద్యుని అడుగవలెను.

ఆ రాత్రి వైద్యుడు, "మద్యము అలవాటున్నదా?" అని తమిళమున అడిగెను. పెద్దాయన గోడవైపు తిరిగిరి. కుమారుడు, "ఎప్పుడైనా, పండుగలకు" అనెను. వైద్యుడు మరల అడిగెను. అప్పుడు వాకిట నిలిచిన కోడలు, "దినమున కొక క్వార్టరండీ, ఇరువది యేండ్లుగా" అని చెప్పెను. వైద్యుడు అప్పుడు కలము తీసి వ్రాసికొనెను.