బండి బరువు, వేగము, యంత్రసామర్థ్యము

(గొలుగొండ రైతుల సభయందు చేయబడిన ఉపన్యాసము)



నేను యంత్రశాస్త్రమునందు పండితుడను గాను. రివిన్యూ కచ్చేరీలో కాగితములను తర్జుమా చేయుట నా వృత్తి. మెట్రిక్యులేషనుతో నా చదువు ముగిసినది. అయినను ఈ విషయమును గూర్చి మాటలాడ సాహసించుటకు ఒక కారణము కలదు. ట్రాక్టరు ప్రమాదములలో మరణించినవారి కుటుంబములు సహాయము కోరి పెట్టుకొను అర్జీలును, వానితో చేరిన వాఙ్మూలములును నా బల్లమీదికి వచ్చుచుండును. ఒకదానియందు బండి నడిపినవాడు ఇట్లు చెప్పెను: "డీజిలు మిగులునని గేరు తీసి బండిని పల్లమునకు విడిచితిని. తరువాత అది నా స్వాధీనములో లేదు." ఈ రెండు వాక్యములను తర్జుమా చేయుటకు రెండు నిమిషములు పట్టలేదు. వాని భావము గ్రహించుటకు మాత్రము పాఠపుస్తకము తెరువవలసి వచ్చెను. నాకు తెలిసినంత మేరకు మీకు విన్నవించెదను.

మనము "శక్తి" యను ఒక్క మాటతో మూడు వేర్వేరు సంగతులను చెప్పుచుందుము. లాగుడు లేక త్రోపుడు బలము. ఆ బలముతో కొంత దూరము కదల్చినయెడల అది పని. ఆ పనిని ఎంత కాలములో చేసితిమి యనునది సామర్థ్యము. పదునెనిమిదవ శతాబ్దమున జేమ్స్ వాట్ అను ఆయన తన ఆవిరియంత్రము ఎన్ని గుర్రముల పని చేయునో కొనువారికి తెలుపుటకై ఈ సామర్థ్యమునకు హార్సుపవరు అను కొలత నేర్పరచెను. మీటర్ల లెక్కలో, 75 కిలోల లాగుడుతో సెకనుకు ఒక మీటరు చొప్పున పోవుట ఒక హార్సుపవరు. మంచి ఎద్దుల జత నిలకడగా చేయు పని సుమారు ఇంతయే.

ఇక లెక్కకు వత్తము. ట్రాక్టరు, తొట్టి, అందలి చెరకు కలిసి 8 టన్నులు, అనగా 8,000 కిలోలు అనుకొందము. చదునైన తారురోడ్డుపై చక్రములు దొర్లుటకు ఈ బరువులో నూటికి రెండున్నర వంతు, అనగా 200 కిలోల లాగుడు కావలెను. గంటకు 18 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 5 మీటర్లు. 200ను 5చే గుణించి 75చే భాగించినచో సుమారు 13 హార్సుపవరు వచ్చును. 35 హార్సుపవరు ట్రాక్టరునకు ఇది సులభము.

ఇరువది మీటర్లకు ఒక మీటరు లేచు ఎత్తు వచ్చినదనుకొనుడు. బరువులో ఇరువదవ వంతు, అనగా 400 కిలోలు, అదనముగా లాగవలెను. మొత్తము 600 కిలోలు. అదే వేగముతో ఎక్కుటకు 40 హార్సుపవరు కావలెను. చక్రములకు చేరునది 28 కంటె మించదనుకొందము. అప్పుడు బండి గంటకు పన్నెండు పదమూడు కిలోమీటర్లకు మించి పోజాలదు. గేరు మార్చుటవలన సామర్థ్యము పెరుగదు. వేగమును తగ్గించి లాగుడును పెంచుకొందుము, అంతియే. మన తాతల కాలపు చెరకు గానుగలో ఎద్దులు పెద్ద వలయమున తిరుగుచుండగా, రోలర్లు మెల్లగా తిరిగి గొప్ప ఒత్తిడితో రసము పిండెడివి. గేరుపెట్టెలోని కిటుకును ఆ జాతిదే.

ఎక్కుటలో బరువు మనలను నిలిపివేయును; ప్రాణభయము అంతగా లేదు. దిగుటలో అట్లు కాదు. పరుగెత్తు బండిలో గతిశక్తి యుండును. బరువు రెండింతలైనచో అది రెండింతలగును. వేగము రెండింతలైనచో నాలుగింతలగును. కావున గంటకు 18 కిలోమీటర్ల వేగమున బ్రేకు వేసి 10 మీటర్లలో ఆపగలిగిన బండికి, అదే బ్రేకు బలముతో 36 కిలోమీటర్ల వేగమున 40 మీటర్లు కావలెను. అనేక తొట్లకు బ్రేకు లేదు. తొట్టిలో బరువు పెంచితిమేగాని ఆపు బలమును పెంచలేదు. మలుపులో ముందున్న ట్రాక్టరు ఆగుచుండగా వెనుకనున్న తొట్టి దానిని త్రోసి త్రిప్పివేయుటకు కారణ మిదియే.

నర్సీపట్నమునుండి లంబసింగి మీదుగా చింతపల్లికి పోవు ఘాటు మీ రెరిగినదే. పైనుండి క్రిందికి 900 మీటర్ల దిగుడు అనుకొందము. ఆ 8 టన్నుల బండి పైనుండి తెచ్చు శక్తిలో సగమును రోడ్డు హరించినను, మిగిలిన సగము సుమారు 120 లీటర్ల నీటిని మరిగించుటకు చాలును. ఇంజను పట్టులేనియెడల ఈ వేడినంతయు బ్రేకులే భరింపవలెను. మిక్కిలి వేడెక్కిన బ్రేకు పట్టు వదలును. గేరు తీసినవాడు ఇంజను పట్టును తన చేతితో తానే త్రెంచుకొనుచున్నాడు. వానికి మిగులు డీజిలు కొంచెము మాత్రమే.

కావున ఈ నియమములను పాటింపుడు:

1. ఏ గేరులో ఎక్కుదురో ఆ గేరులోనే దిగుడు. దిగుడు మొదలగుటకు ముందే గేరు వేయుడు. పల్లములో క్లచ్చి నొక్కి జారనీయకుడు.

2. ట్రాక్టరు బ్రేకు పెడళ్లు రెంటిని, రోడ్డెక్కునప్పుడు తప్పక జతచేయుడు. ఒక చక్రమే ఆగినచో బండి ప్రక్కకు తిరుగును.

3. తొట్టికి బ్రేకు అమర్చుకొనుడు. అది లేనంతకాలము బరువును, వేగమును రెంటిని తగ్గింపుడు.

4. ఏటవాలున నిలిపినప్పుడు చక్రముల క్రింద రాళ్లు పెట్టుడు. చెరకుపైనను మడ్‌గార్డులపైనను మనుష్యులను కూర్చుండనీయకుడు.

5. రాత్రివేళ తొట్టివెనుక ఎర్రని ప్రతిఫలకములు మెరయుచుండవలెను.

2022లో మన మండలము అనకాపల్లి జిల్లాలో చేరినది. అనకాపల్లి బెల్లపు బజారునకు పోవు బండ్లు ఒక గంట ఆలస్యముగా చేరినను బజారు అక్కడనే యుండును. త్వరపడిన బండి త్రోవలోనే నిలిచిపోయినచో, దానికి సంబంధించిన అర్జీ నా బల్లమీదికి వచ్చును. అట్టి కాగితములను ఇకమీదట తర్జుమా చేయవలసిన అవసరము నాకు కలుగకుండ చేయుడని మిమ్ములను వేడుకొనుచున్నాను.