కల్తీ కల్లు, నాటుసారా కేసులు ఎందుకు వీగిపోతాయి?

(షోలాపూరు మిల్లు, సాంచా కార్మికుల సభలో ఎక్సైజు శాఖ విశ్రాంత సబ్-ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఎక్సైజు వాడిని కార్మికుల సభకు పిలవడం మామూలుగా జరిగే పని కాదు. మా జీపు పేటలోకి వచ్చిందంటే ఎవరో ఒకరి కొంప మీదికి వచ్చిందనే అందరూ అనుకుంటారు. సభకు ముందు ఒక అక్క నన్ను నిలదీసి అడిగింది. "దాడి చేస్తారు, కుండలు పగలగొడతారు, ఇద్దరిని పట్టుకుపోతారు. మూడోనాడు అదే అడ్డా మళ్ళీ తెరుచుకుంటుంది. ఇదేం చట్టం సాబ్?" అని. ఆమె అడిగింది న్యాయం. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పుకుందాం.

ముందు చట్టం సంగతి. మన రాష్ట్రంలో నడిచేది 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం. ఇప్పుడు దాన్ని మహారాష్ట్ర మద్యనిషేధ చట్టం అంటున్నారు. పేరులో నిషేధం వుంది గాని నడిచేది లైసెన్సు పద్ధతి. లైసెన్సు గాని, పర్మిట్టు గాని, పాసు గాని లేకుండా మద్యం తయారు చేయడం, తరలించడం, అమ్మడం, దగ్గర పెట్టుకోవడం, తాగడం అన్నీ నేరాలే. దేశీ దారు దుకాణానికి ఒక లైసెన్సు, వైను షాపుకు మరొకటి, పర్మిట్ రూముకు ఇంకొకటి, కల్లు దుకాణానికి వేరొకటి. తాగేవాడికి కూడా పర్మిట్టు వుండాలని మనలో ఎంతమందికి తెలుసు?

రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధానికి ప్రభుత్వం పాటుపడాలని చెబుతుంది. అదే ప్రభుత్వానికి మద్యం మీద వచ్చే సుంకం పెద్ద రాబడి. ఒకే శాఖ ఒక చేత్తో సుంకం వసూలు చేస్తుంది, రెండో చేత్తో దొంగసరుకు పట్టుకుంటుంది. ఇది ఏ ఒక్క అధికారి తప్పూ కాదు, ఆ ఏర్పాటే అటువంటిది. షోలాపూరు వాళ్ళకు ఇది కొత్తగా చెప్పనక్కర లేదు. 1930 మే నెలలో గాంధీగారిని అరెస్టు చేశారన్న వార్త వచ్చాక ఈ వూరి జనం ఈత చెట్లు నరకడానికి బయల్దేరారు. ఈత చెట్టంటే కల్లు, కల్లంటే సర్కారు ఖజానా. పోలీసు కాల్పులు జరిగాయి, మార్షల్ లా వచ్చింది. మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, శ్రీకిసన్ సారడా, జగన్నాథ్ శిందే అనే నలుగురిని 1931 జనవరి 12న ఉరి తీశారు. ఆ నలుగురు హుతాత్ములకు మన వూళ్ళో విగ్రహాలున్నాయి. కల్లు కుండకూ ఖజానాకూ వున్న ఆ బంధం స్వాతంత్ర్యం వచ్చాక కూడా తెగలేదు.

ఇక మా పని ఎలా సాగుతుందో చెబుతాను. లైసెన్సు దుకాణంలోకి పోతే మేము మొదట తెరిచేది సీసా కాదు, రిజిస్టరు. ఎంత సరుకు వచ్చింది, దానికి రవాణా పాసు వుందా, ఎంత అమ్మారు, అలమరలో ఎంత మిగిలింది అని లెక్క చూస్తాము. లెక్క తేలకపోతే దొంగసరుకు వచ్చిందన్నా కావాలి, వెనక తలుపు నుంచి పోయిందన్నా కావాలి.

కల్లు దుకాణంలోనూ అంతే. గీసే చెట్లకు నెంబర్లు వేస్తారు. నెంబరు పడిన చెట్లెన్ని, అవి ఎంత కల్లు ఇవ్వగలవు, దుకాణంలో రోజుకు ఎంత అమ్ముడవుతోంది. ఈ మూడు లెక్కలు కలవాలి. చెట్లు చూస్తే పదీ పరకా, దుకాణం ముందు చూస్తే జాతర. అప్పుడు మిగతా కల్లు ఎక్కడిది? నీళ్ళు, శాకరిను, క్లోరల్ హైడ్రేటు. ఈ క్లోరల్ హైడ్రేటు నిద్రమందు. తెలంగాణాలో డైజిపాము, ఆల్ప్రజోలాము మాత్రలు కూడా కలుపుతూ పట్టుబడ్డారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. మన తాతలు కరీంనగరు, వరంగల్లు జిల్లాల నుంచి మగ్గంతోపాటు కల్లు అలవాటునూ తెచ్చుకున్నారు. వాళ్ళు తాగింది చెట్టు కల్లు. ఇప్పుడు ఆ పేరుతో అమ్ముతున్నది చాలాచోట్ల మందు కలిపిన నీళ్ళు. ఆ మత్తు దిగకుండా రాత్రిపాళీకి పోయి సాంచా పట్టా దగ్గర నిలబడితే వేళ్ళు మిగలవు.

నాటుసారా, అంటే మన వూళ్ళో అనే హాత్‌భట్టి, మరో దారి. బెల్లపు వూట, డ్రమ్ములు, వూరి బయట భట్టీ, తెల్లవారుజామున ట్యూబుల్లో రవాణా. దీనిలోనే ఒక్కోసారి మిథనాలు అనే ఫ్యాక్టరీ స్పిరిటు కలుస్తుంది. అది చూడడానికి మామూలు స్పిరిటు లాగే వుంటుంది. కడుపులోకి పోయాక ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటినరాన్ని కాలుస్తుంది. తాగిన వెంటనే ఏమీ తెలియదు. అరపూటకో, మర్నాటికో తలనొప్పి, వాంతులు, కళ్ళు మసకలు. ముంబయి మాల్వణిలో 2015 జూన్‌లో 100 మందికి పైగా చనిపోయింది దీనివల్లనే. 2022 జూలైలో గుజరాతు బోటాదు ప్రాంతంలో ఒక కంపెనీ గోడౌను నుంచి దొంగతనంగా తరలించిన మిథనాలు 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. 2024 జూన్‌లో తమిళనాడు కళ్ళకురిచ్చిలో 60 మందికి పైగా పోయారు. పోయిన వాళ్ళలో ఎక్కువమంది కూలినాలి జనమే.

ఇప్పుడు అక్క అడిగిన ప్రశ్నకు వస్తాను. మాల్వణి కేసులో తీర్పు రావడానికి దాదాపు తొమ్మిదేళ్ళు పట్టింది. 2024లో తీర్పు వచ్చినప్పుడు 14 మంది ముద్దాయిల్లో నలుగురికి శిక్ష పడింది, పదిమంది విడుదలయ్యారు. అంత పెద్ద కేసే అలా వుంటే మన పేటలోని చిన్న అడ్డా సంగతి చెప్పేదేముంది?

కేసు వీగిపోవడానికి కారణాలు మూడు. మొదటిది, దాడిలో దొరికేది గ్లాసు పట్టుకున్నవాడూ, గ్లాసు కడిగే కుర్రవాడూ. డబ్బు పెట్టినవాడు అక్కడ వుండడు. గ్లాసు నుంచి క్యానుకు, క్యాను నుంచి బండికి, బండి నుంచి గోడౌనుకు మెట్టు మెట్టుగా ఎక్కితే తప్ప వాడు దొరకడు. ఫ్యాక్టరీ స్పిరిటు మీద అధికారం కేంద్రానిదా రాష్ట్రానిదా అనే వాదం చాలాకాలం నడిచింది. 2024 అక్టోబరు 23న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 8:1 మెజారిటీతో ఆ అధికారం రాష్ట్రాలకు వుందని తేల్చింది. గనుక ఇకపై గోడౌను దాకా పోవడానికి అధికారం లేదని రాష్ట్రాలు అనడానికి వీల్లేదు.

రెండోది, నమూనా. పట్టుకున్న సరుకులో కొంత సీసాలో పోసి, మూతకు బట్ట చుట్టి, లక్కముద్ర వేసి, చీటీ అంటించి సర్కారీ రసాయన పరీక్షశాలకు పంపాలి. అడ్డాలో పట్టుకున్న సీసా, పరీక్షశాలకు చేరిన సీసా ఒకటేనని కోర్టులో రుజువు కావాలి. ముద్ర చెదిరినా, తేదీ కలవకపోయినా డిఫెన్సు వకీలు అక్కడే పట్టుకుంటాడు.

మూడోది అన్నిటికంటె ముఖ్యం. అది పంచులు. సోదా చేసేటప్పుడు ఆ ప్రాంతానికి చెందిన, కేసుతో సంబంధం లేని ఇద్దరు పెద్దమనుషులు సాక్షులుగా వుండాలని చట్టం చెబుతుంది. పాత క్రిమినల్ ప్రొసీజరు కోడులో వున్న ఈ నియమం 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ వుంది. సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని కూడా కొత్త చట్టం చెప్పింది. అయితే వీడియో వచ్చినంత మాత్రాన మనిషి అవసరం తీరలేదు. పంచులు ఎదురు తిరిగినా అధికారి సాక్ష్యం నమ్మదగినదైతే శిక్ష వేయవచ్చునని కోర్టులు చెప్పిన మాట నిజమే. కాని అనుమానం మిగిలితే దాని లాభం ముద్దాయికే.

మరి పంచులుగా ఎవరు వస్తున్నారు? మీరు రావడం లేదు. ఎందుకు రావడం లేదో నాకు తెలుసు. దాడి నాడు సగం పూట పోతుంది. కోర్టు వాయిదాకు హాజరీ పోతుంది. వాయిదా పడితే ఇంకో హాజరీ. పైగా అడ్డావాడు అదే గల్లీలో వుంటాడు. అందుచేత పిలిచిన ప్రతిసారీ వచ్చే నలుగురైదుగురే దొరుకుతారు. వీళ్ళు పోలీసుల కేసులన్నిటిలోనూ పంచులేనని వకీలు రుజువు చేస్తే ఆ సాక్ష్యం గాలికి పోయినట్లే.

ఒక కేసు చెబుతాను. క్లోరల్ హైడ్రేటు కలిపిన కల్లు కేసు. ఒక సాంచా కార్మికుడు పంచుగా నిలబడ్డాడు. మన పద్మశాలి కులపాయనే. నాలుగుసార్లు కోర్టుకు తిరిగాడు, నాలుగు రోజుల పగారు పోగొట్టుకున్నాడు. అయిదోసారి బోనెక్కాడు. వకీలు అడిగాడు, "పంచనామా మరాఠీలో వుంది. నీకు మరాఠీ చదవడం వచ్చునా?" రాదన్నాడు. "అయితే దేనిమీద సంతకం చేశావో నీకే తెలియదన్నమాట." కోర్టులో నవ్వులు. అతను తొణకలేదు. "కాగితం చదివి వినిపించాకే సంతకం పెట్టాను సాబ్. సీసా తెప్పించండి. దాని చీటీ మీద నా సంతకం తెలుగులో వుంటుంది. నేను పుట్టిన కాడినుంచి ఒకే తీరుగా రాస్తాను" అన్నాడు. సీసా తెచ్చారు. లక్కముద్ర పక్కన తెలుగు సంతకం. ఆ సీసా మార్చలేదని చెప్పడానికి అంతకంటె ఏం కావాలి? ఆ కేసులో శిక్ష పడింది. దుకాణం లైసెన్సు పోయింది.

అందుకే ఈ సభలో నేను కోరేది దీక్షలు పట్టమని కాదు. మీరు సాక్షులు కండి. దానికి కొన్ని సంగతులు గుర్తు పెట్టుకోండి.

ఫిర్యాదు రాసేటప్పుడు "మా పేటలో సారా ఎక్కువైంది, చర్య తీసుకోండి" అని రాయకండి. ఏ వేళకు క్యాన్లు వస్తాయి, ఏ బండిలో వస్తాయి, దాని నెంబరెంత, ఎక్కడ దించుతారు, డబ్బు ఎవరి చేతికి పోతుంది అని రాయండి. అప్పు ఖాతా చిట్టీ దొరికితే జాగ్రత్త చేయండి. సమాచారం ఎవరిచ్చారో చెప్పి తీరాలని అధికారిని బలవంతపెట్టడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు.

పంచుగా పిలిస్తే పోండి. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరడిగినా సంతకం పెట్టవద్దు. రాసిందంతా మీ భాషలో చదివి వినిపించమనండి. సీసాలెన్నో, ముద్రలెన్నో లెక్కపెట్టుకోండి. సంతకం మీకు వచ్చిన అక్షరాల్లోనే చేయండి. తెలుగులో చేస్తే చిన్నతనం కాదు.

యూనియన్ పెద్దలకు ఒక మనవి. పంచుగా నిలబడ్డ కార్మికుడు కోర్టుకు పోయిన రోజు హాజరీ పోకుండా కార్ఖానాదారుతో మాట్లాడండి. సమన్లు చూపి కోర్టులో సాక్షి భత్యం అడగవచ్చునని అతనికి చెప్పండి. వాయిదా నాడు నలుగురు వెంట పోండి. ఒంటరిగా పోయినవాడిని బెదిరించినట్లు నలుగురితో పోయినవాడిని బెదిరించలేరు.

ఎవరికైనా సారా తాగాక చూపు మసకబారితే ఒక్క గంట కూడా ఇంట్లో పెట్టుకోవద్దు. సివిల్ ఆసుపత్రికి తీసుకుపోయి ఏం తాగాడో దాచకుండా చెప్పండి. కేసవుతుందని దాచితే కళ్ళు పోతాయి, మనిషే పోతాడు. మిగిలిన సారా వుంటే సీసాతో సహా పట్టుకుపోండి. అది వైద్యానికీ, కేసుకూ రెంటికీ పనికి వస్తుంది. కల్తీ కల్లుకు అలవాటు పడ్డవాడికి అది ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణుకుతాయి, మూర్ఛలు వస్తాయి, మతి తప్పినట్లు మాట్లాడతాడు. 2020 లాక్‌డౌనులో హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రికి ఇలాంటివారు బారులు తీరారు. వారిని కొట్టకండి, గదిలో పెట్టి తాళం వేయకండి, డాక్టరుకు చూపించండి.

అక్కచెల్లెళ్ళకు ఒక మాట. లైసెన్సు దుకాణం పేటకు పీడగా మారితే ఓటుతో మూయించే దారి 2008 నాటి ఉత్తర్వుతో వచ్చింది. మహిళా ఓటర్లలో పావువంతు మంది సంతకాలతో దరఖాస్తు పెడితే రహస్య ఓటింగు జరుపుతారు. ఓటు కాగితం మీద నిలబడిన సీసా, పడుకున్న సీసా బొమ్మలుంటాయి. పడుకున్న సీసాకు జాబితాలోని మహిళల్లో సగానికి మించి ఓట్లు రావాలి. అంటే ఓటుకు రాకుండా ఇంట్లో కూర్చున్న ప్రతి అక్కా నిలబడిన సీసాకు ఓటు వేసినట్లే.

అయితే మూత పడిన దుకాణం వెనక దొంగ అడ్డా లేవకుండా చూడాలి. చంద్రపూరు జిల్లాలో 2015లో పెట్టిన నిషేధాన్ని దొంగసారా పెరిగిందన్న కారణం చెప్పి 2021లో ఎత్తివేశారు. దాడులు ఒక్కటే చాలవు. మన జిల్లాలోనే 2021లో గ్రామీణ పోలీసు సూపరింటెండెంటు తేజస్వీ సాత్పుతే గారు "ఆపరేషన్ పరివర్తన్" పేర ములేగావ్ తాండా వంటిచోట్ల భట్టీ కుటుంబాలను వేరే బతుకుతెరువు వైపు మళ్ళించే పని చేపట్టారు. భట్టీ ఆర్పితే పొయ్యి కూడా ఆరిపోయేటట్లుంటే ఆ భట్టీ మళ్ళీ అంటుకుంటుంది.

సోదరులారా, జీపు వస్తుంది, పోతుంది. అధికారికి బదిలీ అవుతుంది. నాకు రిటైర్మెంటు అయింది. గల్లీలో నిలిచి వుండేది మీరే. చట్టం పుస్తకంలో ఎన్ని సెక్షన్లున్నా, "నేను చూశాను, ఈ సంతకం నాది" అనే మనిషి బోనెక్కిన నాడే అవి పనిచేస్తాయి. ఆ మనిషిని మీలోనుంచి తయారు చేయండి, తయారైనవాడిని కాపాడుకోండి.